పొయ్యికీ గోడకీ మధ్య

మొదటి రోజు పొద్దున కొండ మీదికి చేరగానే మాకు చెప్పిన తొలి మాట, "బూట్లు ఇక్కడే విడిచి రండి." పైన పెద్ద రాతి చూరు. దాని కింద తాళ్లతో గళ్లుగళ్లుగా విడదీసిన నేల. ఆ నేలకి జానెడు ఎత్తున చెక్క పలకలు వేసి ఉన్నాయి. పలకల మీదే నడవాలి, వాటి మీదే బోర్లా పడుకుని తవ్వాలి, తవ్వే నేల మీద కాలు మోపకూడదు. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటే కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. 50,000 ఏళ్ల కిందట ఖాళీ చేసి వెళ్లినదైనా ఇల్లు ఇల్లే.

నేను స్పెయిన్‌లో ఆర్కియాలజీ మాస్టర్స్ చదువుతున్నాను. మాది బనగానపల్లె దగ్గర పల్లెటూరు. నాన్న చాలా ఏళ్లు నాపరాళ్ల గనిలో పనిచేశాడు. కోర్సులో భాగంగా నాలుగు వారాలు, ఎప్పుడో అంతరించిపోయిన, మన జాతికి దగ్గరి చుట్టాలైన నియాండర్తల్ మనుషులు బతికిన ఒక చోట తవ్వకానికి వెళ్లాను. అది స్పెయిన్ తూర్పు వైపు కొండల్లో ఉంది. అక్కడ బయటపడినవి ఇంకా అచ్చు కాలేదు, అందుకని ఆ చోటు పేరు రాయడం లేదు.

బయల్దేరే ముందు రాత్రి నాన్న ఫోన్ చేశాడు. "వాళ్ల ఇండ్లు ఎట్లుంటాయి పాపా? గోడలు, కప్పు ఏమన్నా ఉంటాయా?" అప్పటికి ఏడాదిగా వాళ్ల రాతి పనిముట్ల గురించి చదువుతున్నాను, పరీక్షలు కూడా రాశాను. ఈ చిన్న ప్రశ్నకి మాత్రం నోట మాట రాలేదు. "పోయొచ్చి చెప్తా నాన్నా" అన్నాను.

గని సంగతులంటే నాన్నకి ఇష్టం కాబట్టి ఒక ముక్క మాత్రం చెప్పాను. నియాండర్తల్ అనే పేరు రావడానికి కారణమైన ఎముకలు 1856లో జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్ దగ్గరి నియాండర్ లోయలో బయటపడ్డాయి. వాటిని తవ్వి తీసింది పండితులు కాదు, సున్నపురాయి గనిలో పనిచేసే కూలీలు. "అయితే మనోళ్లే" అన్నాడు నాన్న. కూలీల గురించి అన్న ఆ మాట నియాండర్తల్ మనుషుల విషయంలోనూ కొంత నిజమే. జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం 2010లో వాళ్ల జన్యుక్రమం బయటపెట్టాక తెలిసిందేమిటంటే, ఆఫ్రికా బయటి జనాల డీఎన్ఏలో ఒకటి రెండు శాతం వాళ్ల నుంచి వచ్చిందే. అందులో మనమూ ఉన్నాం.

నాకు ఇచ్చింది మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఒక గడి. చేతికి చిన్న తాపీ, కొస చెక్కిన పుల్లలు, మెత్తటి బ్రష్, చేట, బకెట్. పార, గడ్డపారల ఊసే లేదు. మొదటి వారం మొత్తం మీద నా గడి దిగింది మూడు సెంటీమీటర్లు. మెడ పట్టేసింది, మోచేతులు కాయలు కాశాయి.

ఏదైనా కనిపిస్తే టక్కున చేత్తో తీయకూడదు. చుట్టూ మట్టి తప్పించి, ఉన్నచోటే ఉంచి, టోటల్ స్టేషన్‌తో కొలవాలి. మన దగ్గర రోడ్డు సర్వేకి మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి చూస్తారే, అదే యంత్రం. పొడవున ఎంత, అడ్డంగా ఎంత, లోతు ఎంత అని మూడు అంకెలు వస్తాయి. ఆ తర్వాత ఆ ముక్క ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఎటు వాలి ఉంది అన్నది కూడా రాయాలి. ఇదంతా ఎందుకో మొదట్లో నాకు బోధపడలేదు. రాళ్లూ ఎముకలూ అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి ఉంటే, వాటిని అక్కడ సర్దింది మనిషి కాకపోవచ్చు, పారిన వాననీళ్లు కావచ్చు. నీళ్లు సర్దిన నేలకీ, మనుషులు వదిలి వెళ్లిన నేలకీ తేడా పట్టుకోలేకపోతే, ఆ ఇంటి గురించి ఏం చెప్పినా అది గాలి కబురే.

మధ్యాహ్నం జల్లెడ పని. పొద్దున తీసిన మట్టి బకెట్లని చీటీలతో సహా నీళ్ల దగ్గరికి మోసుకెళ్లి, సన్న జల్లెడలో పోసి కడగాలి. మిగిలిన గరుకుని ట్రేల్లో ఎండబెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి. ఎలక పళ్లు, బొగ్గు ముక్కలు, కాలిన ఎముక పలుకులు, గోటి కంటే చిన్న చెకుముకిరాయి పొట్లు. మిగతావాళ్లు ఈ పనికి ముఖం చిట్లించేవాళ్లు గానీ, నాకు ఇదే బాగా నచ్చింది. పెద్ద పనిముట్టుని మనిషి వెంట పట్టుకుపోతాడు, లేదా అవతల పారేస్తాడు. దాన్ని చెక్కేటప్పుడు రాలిన పొట్టుని ఎవరూ ఏరుకోరు. అది రాలినచోటే మట్టిలో దిగిపోతుంది. కాబట్టి ఒక మనిషి ఎక్కడ కూర్చుని రాయి చెక్కాడో చెప్పేది ఆ పొట్టే. మా ఊళ్లో నాపరాయి కొట్టినచోటు ఎవరూ చూపించకుండానే తెలిసిపోతుంది, కాళ్ల కింద పెళ్లలు కరకరమంటాయి.

రెండో వారంలో నా గడి మూల పొయ్యి తగిలింది.

దాన్ని ఎలా చెప్పాలి? పొయ్యి అంటే మూడు రాళ్లు ఉంటాయని అనుకుంటాం. ఇక్కడ ఒక్క రాయి లేదు. అరచేయి వెడల్పున ముందు తెల్లటి మచ్చ కనిపించింది. అది బూడిద, వేలితో తాకితే పిండిలా ఉంది. దాని కింద సన్నటి నల్ల పొర. ఇంకా కింద మట్టి ఇటుక రంగుకి తిరిగి ఉంది. తెలుపు, నలుపు, ఎరుపు మూడూ కలిపి నాలుగు వేళ్ల మందం ఉండదు. నెగడు వేసుకుని చలి కాగిన నేల మర్నాడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. నాకు కాసేపు చేతులు ఆడలేదు.

నేను చేసిన తప్పు కూడా ఇక్కడిదే. ఆత్రంలో బూడిద తీస్తూ తీస్తూ నల్ల పొరలోకి దిగిపోయాను. ఒక రాతి పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. అది బూడిదలోదా, నలుపులోదా? రెండిటినీ ఒకే సంచిలో వేశాను. పొయ్యి ఒకటే కదా, రెండూ ఆ మంటవే కదా అనుకున్నాను. మాకు పని నేర్పే ఆవిడ వచ్చి సంచి చూసి, పలక మీద నా పక్కనే పడుకుని నెమ్మదిగా చెప్పింది. ఆ నలుపు కాలిన కట్టె కాదట. చాలాసార్లు అది ఆ మంట వేయకముందే నేల మీద పడి ఉన్న చెత్త. ఆకులు, ఎండిన గడ్డి, పాత తిండి తాలూకు మిగులు. పైన మంట వేస్తే కింద అదంతా మాడి నల్లబడుతుంది. స్పెయిన్‌లోనే అల్‌కోయ్ ఊరి దగ్గరున్న ఎల్ సాల్ట్ అనే నియాండర్తల్ స్థలంలో పొయ్యిల మట్టిని మైక్రోస్కోప్ కింద పెట్టి ఈ సంగతి తేల్చారు, 2013లో అచ్చయింది. అంటే నల్ల పొరలో దొరికిన రాయి, పైన మంట వేసిన మనిషిది కాకపోవచ్చు. అంతకు ముందెప్పుడో అక్కడ కూర్చున్న ఇంకెవరిదో కావచ్చు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త తేలికయ్యేది. సంచి మీద "పొర తేలలేదు" అని నా చేతే రాయించింది. ఆ ముక్క ఇక ఎప్పటికీ అంతే. అన్ని వేల ఏళ్లు కదలకుండా ఉన్నదాన్ని నేను ఒక్క నిమిషంలో దాని చోటు నుంచి తప్పించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి మట్టి రంగు ఏ కాస్త మారినా తాపీ పక్కన పెట్టి, ముందు గట్టిగా చెప్పేదాన్ని, "రంగు మారింది" అని. ఎవరో ఒకరు వచ్చి చూసేవాళ్లు.

ఈ పొరల గొడవ ఎంత పెద్దదో ఎల్ సాల్ట్ పని ఇంకా బాగా చూపిస్తుంది. అక్కడ ఒక పొరలో ఆరు పొయ్యిలు ఉన్నాయి. చూడ్డానికి ఒకే నేల, ఒకే కాలం. పదిహేను ఇరవై మంది ఒకేసారి ఆరు పొయ్యిలు వెలిగించుకున్నట్టు బొమ్మ గీసేయొచ్చు. కానీ మంట కింద కాలిన మట్టిలోని ఇనుప ఖనిజాలు, చల్లారేటప్పుడు ఆ రోజున భూమి అయస్కాంత క్షేత్రం ఏ దిశలో ఉందో పట్టుకుని ఉంచుకుంటాయి. ఆ దిశ కాలంతో మారుతూ ఉంటుంది. ఆ ఆరింటి దిశలనీ కొలిచి పోల్చితే, మొదటి మంటకీ చివరి మంటకీ మధ్య కనీసం 200 నుంచి 240 ఏళ్లు ఉన్నట్టు తేలింది. పొయ్యికీ పొయ్యికీ మధ్య దశాబ్దాల ఎడం. 2024లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి తిరునాళ్ల దిబ్బ కళ్ల ముందు మెదిలింది. ఏటా బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు చింతచెట్ల కింద రాళ్లు పెట్టి వండుకుని వెళ్లిపోతారు. తిరునాళ్లు అయిపోయాక వెళ్లి చూస్తే ముప్ఫై నలభై పొయ్యిలు కనిపిస్తాయి. ఈ ఏటివి ఏవో, మా తాత చిన్నప్పటివి ఏవో కొత్తవాళ్లు చెప్పలేరు. నియాండర్తల్ మనుషులు అలా ఒకే చోటికి తరాల తరబడి తిరిగి వచ్చారు. తల్లి చూపించిన చోటుకి కూతురు, ఆమె చూపించిన చోటుకి ఆమె పిల్లలు వచ్చి ఉంటారని నేను అనుకుంటాను. నీళ్లు దగ్గర, ఎండపొడ తగిలే చోటు, చూరు మంచిది. అలాంటి చోటు తెలిసినవాళ్లు వదులుకోరు.

మూడో వారంలో నన్ను గోడ పక్క గడికి మార్చారు. పక్క గడిలో ఇటలీ అమ్మాయికి రోజుకి పదీ పన్నెండు ముక్కలు దొరుకుతున్నాయి, దవడ ఎముక కూడా ఒకటి. నా గడిలో ఏమీ లేదు. మొదటి రోజు లేదు, రెండో రోజు లేదు, నాలుగో రోజుకి కూడా రెండు పొట్లు, ఒక బొగ్గు నలుసు. సాయంత్రం అందరూ ఏం దొరికాయో చెప్పుకునేటప్పుడు నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పాత గడికి పంపించమని ఆవిడని అడిగాను. "నీ నోట్‌బుక్‌లో ఏం రాశావు?" అంది. ఏమీ దొరకలేదు కాబట్టి ఏమీ రాయలేదన్నాను. "ఏమీ లేకపోవడం కూడా ఒక వస్తువే, అదీ రాయాలి" అంది. ఆ మాటని నాలో నేను తెలుగులో అనుకుంటే "ఖాళీ కూడా రాయి" అయింది. రాయమన్నట్టూ ఉంది, ఖాళీ కూడా ఒక రాయే అన్నట్టూ ఉంది. నోట్‌బుక్ అట్ట మీద అదే రాసుకున్నాను.

అప్పుడే నాకు అబ్రిక్ రొమాని గుర్తొచ్చింది, అది కూడా నియాండర్తల్ మనుషులు బతికిన రాతి చూరే. తవ్వకానికి నెల ముందు ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి చూసి వచ్చాను. బార్సిలోనాకి పడమరగా, అనోయా నది ఒడ్డున కాపెల్యాదెస్ అనే ఊళ్లో ఉంది. అమాదోర్ రొమాని అనే స్థానికుడు 1909లో దాన్ని గుర్తించాడు కాబట్టి ఆ పేరు. 1983 నుంచి పద్ధతిగా తవ్వుతున్నారు, అదీ ఒక మూలన గొయ్యి తీసినట్టు కాకుండా మొత్తం నేలని ఒక్కసారే, పొర తర్వాత పొర. అక్కడి కొండ నుంచి కారే నీళ్లలో సున్నం ఎక్కువ. మనుషులు వెళ్లిపోయాక ఆ సున్నం నేల మీద పెచ్చుకట్టి, గచ్చు చేసినట్టు కప్పేసింది. అలా ఒకదాని మీద ఒకటి ఎన్నో నేలలు మూతలు పడి నిలిచిపోయాయి. మన కర్రసామాను అయితే చెదలకి పోతుంది. అక్కడ పొయ్యి పక్కన పడి ఉన్న దుంగ కూడా కుళ్లిపోయింది గానీ, దాని చుట్టూ గట్టిపడ్డ సున్నంలో దుంగ ఆకారం అచ్చుగా మిగిలింది. దుంగ లేదు, దుంగ ఉన్న ఖాళీ ఉంది.

అక్కడ ఎన్ అని పేరు పెట్టిన పొర ఒకటి, దాదాపు 55,000 ఏళ్ల నాటిది. దానిలో బయటి వైపు పొయ్యిల చుట్టూ రాళ్లూ ఎముకలూ చిందరవందరగా ఉన్నాయి. లోపల, గోడకి దగ్గరగా, ఇంకో వరస చిన్న పొయ్యిలు. ఒకదానికొకటి సుమారు మీటరు దూరం. వాటి దగ్గర చెత్త తక్కువ. జోసెప్ వల్‌వెర్దూ, ఆయనతో పనిచేసినవాళ్లు 2010లో దాన్ని పడుకునే చోటుగా చెప్పారు. వీపు వెనక గోడ, ముందు చిన్న మంట, మధ్యలో ఒక మనిషి పట్టే జాగా. మన కాలంలో వేటాడి బతికే జనాలు రాతి చూర్ల కింద పడుకునే తీరుతో పోల్చి చూశారు, కొలతలు దగ్గరగా వచ్చాయి.

మా అవ్వ చలికాలంలో సరిగ్గా అలాగే పడుకునేది. కుంపటి ముందు, గోడ వెనక, మధ్యలో ఈతచాప. గోడ వేడెక్కి రాత్రంతా వెచ్చగా ఉంటుందనేది. చిన్నప్పుడు నేను ఆమెకీ గోడకీ మధ్య దూరేదాన్ని. తెల్లారి చాప చుట్టేస్తే అక్కడ ఏం మిగిలేది? ఊడ్చిన నేల, అంతే. పడుకునేచోట ఎవరూ ఎముకలు పారేయరు, రాయి చెక్కరు. శుభ్రంగా ఉండటమే అక్కడి గుర్తు.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లాక, నా ఖాళీ గడి మీది పలకపై గోడ పక్కన వెల్లకిలా పడుకున్నాను. ఇటు గోడ, అటు వారం కింద నా చేతులతో తీసిన పొయ్యి అంచు. నా భుజాలు పట్టగా ఇంకా జానెడు మిగిలింది. రుజువు కాదు, తెలుసు. అయినా టేపు పట్టి కొలిచి రాసుకున్నాను.

రుజువు కావాలంటే మట్టిని అడగాలి. చివరి వారంలో గోడ పక్క నుంచి చిన్న ఇటుకంత మట్టి దిమ్మ ఒకటి కోశాం. కట్టు కట్టినట్టు చుట్టూ ప్లాస్టర్ వేసి, పైన బాణం గుర్తుతో పై వైపు ఏదో రాసి, పెట్టెలో పెట్టాం. ల్యాబ్‌లో దాన్ని రెజిన్‌తో గట్టిపరిచి, 30 మైక్రాన్ల మందానికి అరగదీసి అద్దం మీద అతికిస్తారు. వెలుతురు ఆ మట్టి గుండా వస్తుంది. కాళ్ల కింద నలిగిన నేల, ఊడ్చిన బూడిద, కదలకుండా ఉన్న బూడిద వేరువేరుగా కనిపిస్తాయి. గడ్డి పరిచి ఉంటే దాని జాడ కూడా దొరకొచ్చు. గడ్డి నీళ్లతో పాటు ఇసుకలో ఉండే సిలికాని పీల్చుకుని కణాల్లో దాచుకుంటుంది. వరిగడ్డి చేతికి గీసుకునేది అందుకే. గడ్డి కుళ్లినా ఆ సిలికా నలుసులు మట్టిలో ఉండిపోతాయి. ఉత్తర స్పెయిన్‌లో కాంటాబ్రియాలోని ఎస్కిల్యెవు గుహలో పొయ్యిల దగ్గర అలాంటి గడ్డి ఆనవాళ్లు పొరలు పొరలుగా దొరికాయి, పరుపులా పరుచుకున్నారని 2010లో రాశారు.

నాన్న అడిగిన గోడల సంగతి కూడా వదిలిపెట్టలేదు. నియాండర్తల్ మనుషులు కట్టినది ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో బ్రునికెల్ గుహ లోపల, ముఖద్వారం నుంచి 336 మీటర్ల దూరంలో, నేల నుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభాలని విరిచి, దాదాపు 400 ముక్కలతో వలయాలుగా పేర్చారు. వాటి వయసు 1,76,500 ఏళ్లు. అప్పటికి యూరప్‌లో మన జాతి మనుషులు స్థిరపడి ఉన్న జాడ లేదు. మంట వేసిన మరకలు కూడా ఉన్నాయి. అంత చీకట్లో దివిటీలు పట్టుకుని కలిసి పనిచేశారంటే ఒకరికొకరు చెప్పుకునే మాట ఉండాలి, పని పంచుకునే తీరు ఉండాలి. దాన్ని ఇల్లు అనలేను. నిద్రపోవడానికి ఎవరూ అంత లోపలికి పోరని నా అభిప్రాయం. బెలుం గుహల్లోకి చిన్నప్పుడు వెళ్లినప్పుడు లైటు ఒక్క నిమిషం పోతే నేను నాన్న లుంగీ వదల్లేదు.

మన ప్రాంతం సంగతి వస్తే, మా ఊరికి దగ్గర్లోనే జ్వాలాపురం ఉంది. 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడ పొరగా ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో అచ్చయింది. మనిషి ఎముకలు మాత్రం ఆ పొరల్లో దొరకలేదు. చిన్నప్పుడు ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్క లేదు, కిటికీలోంచి ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ముందు అక్కడికే.

చివరి రోజు నేలంతా గుడ్డ పరిచి, ఇసుక బస్తాలు పెట్టి కప్పేశాం. పలకలు తీసేశాక ఆ చోటు చిన్నగా కనిపించింది. రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. గోడలు కట్టుకోలేదు, కొండే గోడ, చూరే కప్పు అన్నాను. మంట దగ్గర కూర్చుని రాయి చెక్కేవాళ్లు, ఇంకో పక్క జంతువుని కోసేవాళ్లు, గోడ దగ్గర పడుకునేవాళ్లు, నాకు అర్థమైనంతలో ఇల్లు అంటే అదీ అన్నాను. నా ఖాళీ గడి సంగతి చెప్పాను.

"చూరు నీళ్లు యాడ పడతాయి?" అన్నాడు.

ఒక్క నిమిషం ఆగిపోయాను. మేం వారాల తరబడి కొలతలు వేసి తేల్చుకున్నది అదే. నీళ్లు బయటి గళ్ల వరసలో పడతాయి. రాళ్లన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నవి కూడా ఆ వరసలోనే. గోడ పక్కకి చుక్క రాదని చెప్పాను.

"అయితే పడుకునే జాగానే" అన్నాడు నాన్న. గనిలో వాన వస్తే రాతి అంచు కింద ఎక్కడ దూరాలో ఆయనకి నేను చెప్పాలా? కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ అడిగాడు. "తల ఏ పక్కకి పెట్టుంటారు పాపా? గోడ పక్కకా, మంట పక్కకా?"

ఆ గడి పేజీ తెరిచి, కొలతల కింద ఆ ప్రశ్న రాసుకున్నాను. మట్టి దిమ్మ ల్యాబ్‌లో రెజిన్‌లో ఉంది. ఆరడానికి ఇంకో నెల పడుతుందట.